దయాపారావతాలా, దయాపారావారాలా?

ఈమధ్య చదివిన ఒక కొత్త వచన కవితలో, వానకు తడిసి ముద్దయిన పావురం రాతబల్ల మీద వాలుతుంది. కవి దాన్ని తోలడు, కాగితాన్ని మాత్రం కొంచెం పక్కకు జరుపుతాడు. అది చదివినప్పటి నుంచి కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ ‘నా కవిత్వం’లోని పాదం ఒకటి నన్ను వదలడం లేదు: ‘నా అక్షరాలు కన్నీటి జడులలో తడిసే దయా...’. ఆ పైన ఉన్నది పారావతాలా (పావురాలా), పారావారాలా (సముద్రాలా)? ఈ కవి తిలక్‌కు జవాబు చెబుతున్నాడా అన్నది నా అసలు సందేహం. దీనికి వచ్చిన జవాబులు ఇవి:

— పారావతాలే. తరువాతి పాదం ‘విజయ ఐరావతాలు’ అని ముగుస్తుంది గనుక, అంత్యప్రాస అక్కడ మరో అక్షరాన్ని ఒప్పుకోదు. పైగా తడిసేది పావురం గాని, సముద్రం కాదు.

— ప్రాస వాదం ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోలేను. ఇదే కవితలో ‘గాజు కెరటాల వెన్నెల సముద్రాలు’ చూపించిన కవికి సముద్రాన్ని తడపడం ఒక లెక్కా? పాఠం పారావతమే అయినా, దయ అనగానే మన చెవి పారావారానికి సిద్ధపడుతుంది; సముద్రాన్ని ఆశపెట్టి పావురాన్ని వదలడం తిలక్ కావాలని చేసిన పనే అని నా నమ్మకం.

— అందరూ ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయి, పక్కనున్న ‘విజయ ఐరావతాలు’ను వదిలేశారు. వృద్ధిసంధి చేస్తే అది ‘విజయైరావతాలు’ కావాలి. పద్యం రాసిన చేతికి సంధి తెలియక కాదు. సంధి కలిపితే ఏనుగు సమాసంలో ఇరుక్కుపోతుంది, విడదీస్తే ఆ రెండు అచ్చుల మధ్య దాని అడుగు బరువుగా పడుతుంది.

— ఊహ ముచ్చటగానే ఉంది, కానీ వచన కవిత్వంలో విసంధి, అంటే సంధి కలపకుండా వదలడం, అప్పటికే మామూలు. 1966లో తిలక్ పోయాక, 1968లో వెలువడిన ఆయన కవితా సంపుటి ‘అమృతం కురిసిన రాత్రి’లోని ప్రతి ఖాళీనీ ఆయన ఉద్దేశానికి అంటగట్టడం సాహసమే. అసలు ఆధారం అదే కవితలో ఈ పాదాలకు ముందే ఉంది: ‘అగాధ బాధా పాథః పతంగాలు’. పాథస్సు నీరు, పతంగం పక్షి. ఆ నీటి మీది పక్షే కన్నీటి జడిలోకి వచ్చి పావురమైంది.

— పతంగం పక్షేనని ఎలా తేల్చారు? సూర్యుడూ పతంగుడే. బాధాజలధి నుంచి లేచే సూర్యబింబమని చదివితే, ఆ వెంటనే వచ్చే ధర్మవీరుల రక్తనాళాలతో ఎరుపు కలుస్తుంది. పక్షి అయితే ఆ రక్తానికి దారి ఏది?

— పతంగానికి శలభం (దీపం చుట్టూ తిరిగే పురుగు) అనే అర్థాన్ని ఇద్దరూ దాటేశారు. నీళ్ళలో పడి కొట్టుకునే శలభమైతేనే ఆ బాధకు ‘అగాధ’ అన్న విశేషణం సార్థకమవుతుంది. నిఘంటువులో ముందున్న అర్థాన్నే కవి తీసుకోవాలన్న నియమమేమీ లేదు.