పగటి టీవీలో సమ్మతి పంచాయతీలు: ఉండాలా, ఆపాలా? (చెన్నై తెలుగువాళ్ల చర్చ)

వేళచ్చేరి కోడలు:
మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తయ్య టీవీలో ఒక టాక్ షో పెడతారు. నిన్న ఒకమ్మాయి, ఆమెతో పనిచేసిన ఒకబ్బాయి వచ్చారు. "వద్దన్నాను, వినలేదు" అని ఆమె. "నా గది దాకా తనంతట తనే వచ్చింది, వచ్చాక వద్దనడమేంటి" అని అతను. యాంకరమ్మ ప్రశ్నలన్నీ ఆ పిల్లకే. ఎందుకు వెళ్లావు, ఎందుకు అరవలేదు, ఇన్నాళ్లు ఎందుకు ఆగావు? చివర్లో అబ్బాయి వైపు తిరిగి "పెళ్లి చేసుకుంటావా బాబూ" అంది. చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. ఇవి ఆపించాలి అంటాను. మీరేమంటారు?

టీ.నగర్ బాబాయ్:
ఆపొద్దమ్మా. మా రోజుల్లో ఈ మాట ఇంట్లో ఎత్తనిచ్చేవాళ్లే కాదు. నిన్న షో అయ్యాక మీ అత్తగారూ నువ్వూ దీని గురించి మాట్లాడుకున్నారా లేదా? అదే లాభం. పైగా స్టేషన్‌కి వెళ్తే "ఇంటికెళ్లి మాట్లాడుకోండి" అని పంపేస్తారు. కెమెరా ఉందంటే అవతలివాడు కనీసం వచ్చి కూర్చుంటాడు.

ఓఎంఆర్ బ్యాచిలర్:
అబ్బాయి సంగతి ఎవరికీ పట్టదా? తేలకముందే వాడి మొహం ఊరంతా చూసింది. ఇద్దరూ ఇష్టపడే కలిసి తిరిగి, బ్రేకప్ అయ్యాక "పెళ్లి చేసుకుంటానని మోసం చేశాడు" అంటే కేసే. కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ అదే కదా, పదేళ్ల దాకా జైలు.

పాత ప్రొడక్షన్ మనిషి:
బ్రదర్, 69 సగమే చెప్పారు. మాట ఇచ్చినప్పుడే నిలబెట్టుకునే ఉద్దేశం లేకపోతే అది మోసం. నిజంగానే చేసుకుందామనుకుని తర్వాత కుదరకపోతే ఆ లెక్క వేరు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో స్పష్టంగా చెప్పింది. అది తేల్చాలంటే మెసేజ్‌లు, తేదీలు, సాక్షులు చూడాలి. రెండు యాడ్ బ్రేకుల మధ్య తేలదు. అబ్బాయి మొహం గురించి మాత్రం మీరన్నది నిజమే.

నేను కొన్నేళ్లు ఇక్కడే ఒక ఇలాంటి షోకి పనిచేశాను, పేరు వద్దు. వచ్చినవాళ్లిద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టేవాళ్లం. ఇటు వచ్చి "ఆవిడ నిన్ను ఇలా అంటోంది", అటు వెళ్లి "వాడు నిన్ను అలా అంటున్నాడు". సెట్ మీదికి వచ్చేసరికి ఇద్దరూ ఉడికిపోతూ ఉండాలి, అదీ మా డ్యూటీ. సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులో ఉండేది. చాలామంది చదవలేరు. "ఇది మామూలేనమ్మా, ఇక్కడ పెట్టు" అనేవాళ్లం. మధ్యలో ఏడ్చి "నేను వెళ్లిపోతాను" అంటే "ఇంత దూరం వచ్చి ఇప్పుడు వెళ్లిపోతావా, కారు పంపించాం కదా" అని ఆపేవాళ్లం. ఇప్పుడు ఆ అబ్బాయి "గది దాకా వచ్చింది కదా" అన్న మాట పక్కన దీన్ని పెట్టి చూడండి. ఆ పిల్ల సమ్మతి ఇచ్చిందా లేదా అని తీర్పు చెప్పే కార్యక్రమం, ఆమెను టీవీలో చూపించడానికే సమ్మతి అలా తీసుకుంటుంది. బాధితురాలిని గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు. చూపించాలంటే, ఆమె బతికుండి, మైనరు కాకపోతే, తానే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తనకు చదవరాని కాగితం మీద సంతకాన్ని నేనైతే ఒప్పుకోవడం అనను.

ఇక యాంకరమ్మ ప్రశ్నలు. ఎందుకు అరవలేదు అన్నదానికి అత్యాచారం చట్టానికి 2013లో చేసిన సవరణలోనే జవాబుంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ అదే ఉంది. మాటతోనో సైగతోనో స్పష్టంగా, ఇష్టపూర్వకంగా ఆ పనికి ఒప్పుకుంటేనే సమ్మతి. పెనుగులాడలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదు. గదికి రావడం గదికి రావడమే.

వేళచ్చేరి కోడలు:
మరి ఆ "పెళ్లి చేసుకుంటావా"?

పాత ప్రొడక్షన్ మనిషి:
అది టీవీవాళ్ల జబ్బు ఒక్కటే కాదండి. మన మద్రాస్ హైకోర్టులోనే 2015లో ఒక జడ్జి గారు, అత్యాచారం కేసులో శిక్ష పడినవాడికి బెయిల్ ఇచ్చి, ఆ అమ్మాయితో రాజీ మాట్లాడుకోమని మీడియేషన్‌కి పంపారు. ఆమె ఒప్పుకోలేదు. ఈలోగా మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి నేరాల్లో రాజీ అన్న ఆలోచనే కూడదంది. మన హైకోర్టు ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. 2021లో అపర్ణా భట్ కేసులోనూ, పెళ్లి చేసుకోమని కోర్టులు సలహా ఇవ్వకూడదన్నారు. జడ్జికే లేని అధికారం యాంకరమ్మకు ఎవరిచ్చారు?

టీ.నగర్ బాబాయ్:
మీ చట్టాలన్నీ సరే నాయనా. స్టేషన్‌లో కంప్లైంట్ తీసుకోకపోతే ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? దానికి చెప్పండి ముందు.

పాత ప్రొడక్షన్ మనిషి:
ఈ నేరాల్లో ఎఫ్ఐఆర్ రాయనన్న పోలీసుకే కనీసం ఆరు నెలల జైలు అని చట్టంలో ఉంది బాబాయ్ గారూ. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా జిల్లా న్యాయ సేవల సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. ఈ రెండు ముక్కలు ఏ షోలోనూ కింద స్క్రోల్‌లో కూడా వేయరు, నాకు అదే కోపం. టాపిక్ ఆపమని నేను అనను. వకీలును, డాక్టర్‌ను కూర్చోబెట్టి ఎంతసేపైనా మాట్లాడించండి. ఆ ఇద్దరినీ మాత్రం సెట్ మీద ఎదురెదురుగా కూర్చోబెట్టకండి.

ఓఎంఆర్ బ్యాచిలర్:
జీ తమిళ్‌లో వచ్చిన ఇలాంటి పంచాయతీ షో 'సొల్వదెల్లాం ఉణ్మై' మీద 2018లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ స్టే ఇచ్చింది కదా. ఏమైంది? యూట్యూబ్‌లో ఆ క్లిప్పులు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఆపినా లాభం లేదు.

వేళచ్చేరి కోడలు:
లాభం లేదని ఊరుకుంటామా? ఎపిసోడ్ పేరు, తేదీ రాసుకుని బీసీసీసీకి ఫిర్యాదు పెడుతున్నాను. వినోద ఛానళ్ల మీద ఫిర్యాదులు వినడానికి ఛానళ్లవాళ్లే 2011లో పెట్టుకున్న కౌన్సిల్ అది. ఎవరైనా చేయి కలుపుతారా?

టీ.నగర్ బాబాయ్:
నేను కలపను. ఆ పెళ్లి ముక్క తీసేయమని ఒక్కటే రాస్తానంటే చెప్పు, నా సంతకం ఉంటుంది. అన్నట్టు పక్కనుంచి మా ఆవిడ అడుగుతోంది, వద్దన్నది మొగుడితోనైతే ఏంటని?

పాత ప్రొడక్షన్ మనిషి:
పద్దెనిమిదేళ్లు దాటిన భార్య విషయంలో చట్టం భర్తకు అత్యాచారం కేసు నుంచి మినహాయింపు ఇచ్చింది, అమ్మగారికి చెప్పండి. కర్ణాటక హైకోర్టు 2022లో ఒక భర్త మీద ఆ కేసు నడవాల్సిందే అంది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టులో ఈ మినహాయింపు మీద ఇద్దరు జడ్జిలు చెరోమాట అన్నారు. దాని మీద కొత్త థ్రెడ్ తెరవండి, ఇక్కడ పట్టదు.