ఎండాకాలంలో అంబాసిడర్ వేడెక్కుతోంది: రేడియేటర్ మార్చాలా, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలా?

ప్రశ్న (ఒంగోలు నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. మా నాన్నగారి కాలం నుంచి ఇంట్లో ఉన్న 1978 నాటి అంబాసిడర్ మార్క్ 3 బండి, 1489 సీసీ పెట్రోల్ ఇంజనుతో ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. చలికాలంలో ఏ ఇబ్బందీ పెట్టదు. ఏప్రిల్ దాటిందంటే మాత్రం కథ మారుతుంది. నెల్లూరు వెళ్లే దారిలో, హైవే మీద అరవై వేగంతో పోతున్నంతసేపూ మామూలుకన్నా కాస్త పైన నిలిచే టెంపరేచర్ ముల్లు, టంగుటూరు టోల్ గేటు దగ్గర వరుసలో ఆగిన కొద్ది నిమిషాలకే ఎర్ర గీతను తాకుతోంది. ఇంజను ఆపగానే రేడియేటర్ మూత పక్కనున్న గొట్టం నుంచి నీళ్లు రోడ్డు మీదకు పొర్లుతున్నాయి.

థర్మోస్టాట్‌ను (ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని వాల్వును) ఎప్పుడో తీసేశారు. మొదటి నుంచీ మా ఇంటి బోరు నీళ్లే పోస్తున్నాం. పెద్ద అల్యూమినియం రేడియేటర్ చేయించి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించమని మెకానిక్ సలహా ఇచ్చారు. బానెట్ ఎత్తితే బండి పాత రూపంలోనే కనిపించాలని నా కోరిక. ఏది ముందు చేయాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (కావలి నుంచి)

నమస్కారం అన్నా. కొత్త సామాను కొనేముందు, బండి ఎప్పుడు వేడెక్కుతోందన్న దాన్ని బట్టి కారణాన్ని వెతకాలి. నిలబడినప్పుడు మాత్రమే వేడెక్కితే గాలి చాలడం లేదని అర్థం. వేగంగా పోతున్నప్పుడూ ముల్లు ఎక్కుతుంటే రేడియేటర్‌లో నీరు సరిగా పారడం లేదని, లేదా వేడి బయటికి పోవడం లేదని అనుకోవాలి. మీరు రాసినదాన్ని చూస్తే మీ బండికి రెండూ కొంత కొంత ఉన్నాయి.

అసలు అనుమానం మీ బోరు నీటి మీదే. మన జిల్లాల్లో చాలా చోట్ల బోరు నీరు ఎంత కఠినమో, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరను చూస్తే తెలుస్తుంది. అదే పొర రేడియేటర్ గొట్టాల లోపలా, ఇంజన్ బ్లాకులోనూ పట్టి, వేడి లోహం నుంచి నీటిలోకి, నీటి నుంచి గాలిలోకి వెళ్లకుండా అడ్డుపడుతుంది. దీన్ని తేల్చుకోవడం కష్టం కాదు. బండి బాగా వేడెక్కాక ఇంజను ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖమంతా అంగుళం అంగుళం చూడండి. పై నుంచి కిందికి వేడి క్రమంగా తగ్గడం సహజం గానీ, మధ్యలో ఎక్కడైనా చల్లటి మచ్చలు తగిలితే అక్కడి గొట్టాలు మూసుకుపోయినట్లే.

అలా ఉంటే రేడియేటర్ పనివారి చేత పై ట్యాంకు టంకం కరిగించి తీయించి, గొట్టాల్లో సన్నని లోహపు పట్టీలు దూర్పించి శుభ్రం చేయించవచ్చు. రెక్కలు ఊడిపోయి, గొట్టాలు పలచబడి ఉంటే మాత్రం పాత ఇత్తడి ట్యాంకులనే ఉంచుకుని మధ్యలో కొత్త రాగి కోర్ (గొట్టాలు, రెక్కలు ఉండే భాగం) వేయించండి. స్థలం సరిపోతే ఒక వరుస గొట్టాలు ఎక్కువగా ఉండేటట్లు చేయించుకోండి. ఈ బండికి అల్యూమినియం కన్నా ఇదే మేలని నా నిశ్చితాభిప్రాయం, ఎందుకంటే బయటి రూపం మారదు, ఏ చిన్న ఊళ్లో కారినా టంకం పెట్టగలిగినవారు దొరుకుతారు.

బ్లాకును మరచిపోవద్దు. దాని పక్కన, వెనక వైపున ఉండే డ్రెయిన్ కుళాయి విప్పితే నీరు ధారగా రావాలి. చుక్క కూడా రాలేదంటే నాలుగో సిలిండర్ చుట్టూ తుప్పు, బురద గట్టిపడిపోయి ఉన్నట్లు. సన్నని తీగతో పొడిచి, నీళ్లను ఎదురు దిశలో పంపి, తేటగా వచ్చేదాకా కడిగించాలి. ఈ పని చేయకుండా కొత్త కోర్ వేస్తే ఆ బురదంతా వచ్చి కొత్త గొట్టాల్లో చేరుతుంది.

జవాబు (నెల్లూరు నుంచి)

పై మిత్రుని మాటతో నేను ఏకీభవిస్తాను గానీ, టోల్ గేటు సమస్య కోర్ మార్చినంత మాత్రాన తీరదు. మన బండ్లలో ఫ్యాన్ ఇంజను బెల్టుతోనే తిరుగుతుంది కనుక, ఐడ్లింగులో, అంటే బండి ఆగి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు, ఇంజనుతో పాటు అదీ నిదానిస్తుంది. పైగా దాని చుట్టూ ష్రౌడ్ అనే రేకు గూడు లేకపోతే, ఫ్యాన్ అంచుల నుంచి ఇంజను వైపు వేడి గాలినే మళ్లీ లాక్కుంటుంది. రేకు పని చేసేవారి చేత రేడియేటర్ ముఖాన్నంతా కప్పే గూడు చేయించి, నల్ల రంగు వేయించండి. చూసేవారికి కొత్తగా పెట్టినట్లే తెలియదు.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ నిజంగా పనిచేస్తుంది. అయితే మీ బండిలో కరెంటు పుట్టించేది ఇంకా పాత డైనమోనే అయితే ఆ ఫ్యాన్ జోలికి పోకండి. ఆ డైనమో ఇంజను పరుగులో ఉన్నప్పుడు ఇచ్చేదే ఇరవై ఆంపియర్ల చిల్లర, ఐడ్లింగులో దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాన్ అవసరపడేది సరిగ్గా అప్పుడే కాబట్టి కరెంటంతా బ్యాటరీ నుంచే పోతుంది. ముందు డైనమో స్థానంలో ఐడ్లింగులోనూ కరెంటిచ్చే ఆల్టర్నేటర్, తరువాత ఫ్యాన్, దానికి రిలే (ఎక్కువ కరెంటును మోసే స్విచ్చి), విడి ఫ్యూజు, రేడియేటర్ దగ్గర వేడిని బట్టి ఫ్యాన్ వేసే థర్మో స్విచ్చి: ఈ వరుస తప్పకూడదు.

ప్రశ్నించినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇన్‌ఫ్రారెడ్‌తో చూస్తే కింది ఎడమ మూల మొత్తం చల్లగా ఉంది. బ్లాకు కుళాయి నుంచి ఏమీ రాలేదు. డైనమోనే ఉంది. కాబట్టి కోర్, బ్లాకు శుభ్రత, గూడు ముందు చేయిస్తాను. థర్మోస్టాట్ తిరిగి పెట్టాలా? ఎక్కువ పౌండ్ల (ఎక్కువ ఒత్తిడిని ఆపే) రేడియేటర్ మూత వేస్తే మేలా?

జవాబు (కందుకూరు నుంచి)

థర్మోస్టాట్ తప్పక పెట్టండి. అది లేకపోతే ఇంజను సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. 82 డిగ్రీల దగ్గర తెరుచుకునేది తీసుకుని, బిగించే ముందు గిన్నెలో నీళ్లతో పాటు కాచి, వాల్వు పూర్తిగా తెరుచుకోవడం కళ్లారా చూడండి.

మూత విషయంలో తొందర వద్దు. ఒక పౌండు ఒత్తిడి పెరిగితే నీరు మరిగే వేడి ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరుగుతుందన్న మాట నిజమే. ఏడు పౌండ్ల మూతతో అది 111 డిగ్రీల దాకా పోతుంది. అయినా ఇంజనులో పుట్టే వేడి దానివల్ల తగ్గదు, పాత అతుకులూ హోసులూ ఆ అదనపు ఒత్తిడికి ఆగవు. కోర్ కొత్తదైనా కంపెనీ చెప్పిన ఒత్తిడి మూతే వాడి, పొర్లే నీటిని పట్టి తిరిగి లాక్కునే డబ్బా ఒకటి పెట్టుకోండి. దానికి లోపలికి తెరుచుకునే వాల్వున్న మూత కావాలి.

ఇక బోరు నీళ్లు పూర్తిగా మానేయండి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కూలెంట్ కలిపితే చాలు. మనకు నీరు గడ్డకట్టే చలి లేదు, వేడిని మోయడంలో నీరే కూలెంట్ కన్నా మెరుగు, తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాల కోసమే దాన్ని కలుపుతున్నాం. తీసేసిన పాత కూలెంట్‌ను కాలువలో పారబోయకండి. తియ్యగా ఉంటుంది కనుక కుక్కలు తాగుతాయి, అది వాటి ప్రాణం తీస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా వేడి తగ్గకపోతే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) వెనకబడిందేమో చూపించండి. ఆ తరువాత చల్లటి ఇంజను మీద మూత తీసి స్టార్ట్ చేసి, రేడియేటర్ నీటిలో ఆగకుండా బుడగలు వస్తున్నాయేమో గమనించండి. వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (బ్లాకుకూ, దాని పైనుండే హెడ్‌కూ మధ్య సీలు) పోయినట్లే, హెడ్ విప్పించాలి.