మైత్రికి మళ్ళీ ఒక శీతాకాలం: రెండోసారి వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి

లంకమెకానిక్:
మాది రాజోలు దగ్గర లంక. జనరేటర్ల పని. 2022లో అంటార్కిటికాలో మన మైత్రి కేంద్రంలో శీతాకాలం చేసొచ్చాను. మళ్ళీ రమ్మని కబురొచ్చింది, వారంలో ఏదో ఒకటి చెప్పాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షలు, ఔలీలో మంచు శిక్షణ, కేప్‌టౌన్ నుంచి విమానం, ఇదంతా తెలిసిన దారే.

చలి సంగతి కాదండి నా బాధ. ఆ ఏడాది జూలైలో అక్కడ సూర్యుడింకా రాలేదు. మాకు నీళ్ళు ప్రియదర్శిని సరస్సు నుంచి పైపులో వస్తాయి. ఒకరోజు పైపుకి చుట్టిన హీటింగ్ కేబుల్ పోయి నీళ్ళు గడ్డకట్టేశాయి. ముగ్గురం తాడు పట్టుకుని వెళ్ళాం. మందం గ్లవుజుతో నట్టు పట్టు దొరకదు, తీసేసి స్పానర్ ముట్టుకుంటే చర్మం ఇనుముకి అంటుకుపోతుంది. నిమిషం పని, అయిదు నిమిషాలు చంకలో చెయ్యి. అలా నాలుగు గంటలు.

లోపలికొచ్చి ఫోన్ చూస్తే ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక. పాతిక లక్షల క్యూసెక్కులు దాటిందన్నారు. మా ఆవిడ, అమ్మ, పాప, రెండు గేదెలు ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద. అక్కడ నీళ్ళు ఎక్కువై, ఇక్కడ నీళ్ళు రాక! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండు రోజులు ఫోన్ కలవలేదు. నేను ఆయిల్ ఫిల్టర్ మార్చుకుంటూ కూచున్నాను, ఇంకేం చేస్తాను.

అయినా మళ్ళీ వెళ్ళాలనే ఉంది. ఎందుకో ఇంట్లో చెప్పలేకపోతున్నాను. జీతం కోసమంటే నమ్ముతారు, సగం అబద్ధం. రెండోసారి ఎలా ఉంటుంది?

వంటమాస్టర్‌కాకినాడ:
తమ్ముడూ, నేను రెండు సార్లు చేశాను. మొదటిసారి అన్నీ కొత్త, రోజులు పరుగెత్తుతాయి. రెండోసారి ఏప్రిల్‌కే అన్నీ తెలిసిపోతాయి. జూన్ 21న శీతాకాలం నడిమి పండగ బాగానే జరుగుతుంది. గొడవలన్నీ సూర్యుడు తిరిగొచ్చాకే, ఆగస్టు సెప్టెంబర్లలో. ఉల్లిపాయలు మొలకలెత్తి, ఎదుటోడు నమిలే చప్పుడు కూడా పడదు. "మా బ్యాచ్‌లో ఇలా ఉండేది కాదు" అన్నమాట మాత్రం నోట రానీకు. నేను అని చెడ్డాను, నెల్లాళ్ళు నాతో ఎవరూ పేకాడలేదు. పళ్ళు ఇక్కడే చూపించుకునెళ్ళు.

ఒడ్డునున్నావిడ:
మా ఆయన ఓడ మీద పనండి, పద్నాలుగేళ్ళు. మీ ఆవిడ "సరే" అన్నారా, "మీ ఇష్టం" అన్నారా? రెండూ ఒకటి కాదు. కొబ్బరి దింపు తీయించేదెవరు, అత్తగారి మాత్రలు తెచ్చేదెవరు, నీళ్ళొస్తే గేదెల పలుపులు విప్పేదెవరు? ఇవి మాట్లాడుకోకుండా వెళ్తారు. వచ్చాక మూడు నెలలు చుట్టంలా ఉంటారు, పంచదార డబ్బా ఎక్కడుందో కూడా అడుగుతారు. అయినా అక్కడి వేసవి జట్టులో అడగొచ్చుగా? నవంబర్‌లో వెళ్ళి మార్చికి వచ్చేస్తే వరదలకి ఇంట్లోనే ఉంటారు.

గోదారిగాలి:
పెంగ్విన్లతో సెల్ఫీలు పెట్టండన్నా ముందు 😀

లంకమెకానిక్:
@గోదారిగాలి మైత్రికి సముద్రం వంద కిలోమీటర్లు తమ్ముడూ. ఏడాదికొక్క ఓడ మంచు అంచుకొస్తే డీజిలూ సామానూ పిస్టెన్‌బుల్లీ అనే మంచు మీద నడిచే బళ్ళకి స్లెడ్జులు కట్టి లాక్కొస్తాం. నాకు కనిపించినవి వేసవిలో వంటింటి దగ్గర తిరిగే స్కువా పక్షులే. కాకుల తోబుట్టువులు.

మాస్టారూ, పళ్ళమాట నిజం. పోయినసారి ఒకడు దవడ పట్టుకుని పదిరోజులు గంజే తాగాడు.

అమ్మా, వేసవి జట్టు గురించి అడిగాను. వాళ్ళకి చీకటి నెలల్లో ఇంజన్లు చూసే మనిషే కావాలట. నిన్న రాత్రి మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రెండు రోజులు నాకు గేదెల భయం కాదు, నువ్వక్కడ ఏం చేసుకుంటున్నావోనని" అంది. ఇంజను ఆగితే పాతికమందీ నా మొహమే చూస్తారు, అందుకే వెళ్ళాలనిపిస్తుందని అప్పుడు చెప్పాను. ఇంట్లో ఎవరూ అలా చూడరా అంది. నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్నే లేచి, పాకకి మూడడుగుల మెరక వేయించి వెళ్ళమంది. మట్టి ట్రాక్టర్‌కి చెప్పాను. ఎన్ని లోడ్లు పడతాయో ఎవరికైనా అంచనా ఉందా? పాక ఇరవై ఇంటూ పన్నెండు అడుగులు.