తరవాణి (పులియబెట్టిన గంజి) కుండ మళ్లీ మొదలుపెట్టాలి, తెలిసినవాళ్లు చెప్పండి

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా మా వంటిళ్లు శ్రీకాకుళం వైపే ఉండిపోయాయి. పక్కింటి ఒడియావాళ్లది పఖాళ. వండిన అన్నంలో నీళ్లు పోసి రాత్రంతా పులియబెడతారు. తినే ముందు పెరుగు, దంచిన అల్లం, వేయించిన జీలకర్ర, కరివేపాకు కలుపుతారు. నంజుకోవడానికి బడి చూరా, అంటే వేయించిన మినప వడియాల్ని ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చితో కలిపి నలిపినది. పూరీ జగన్నాథుడికి కూడా పఖాళ నైవేద్యం పెడతారు. మార్చి 20న పఖాళ దినమని ఫోన్ నిండా ఫొటోలే. మన చద్దన్నానికి ఆ భోగం ఎక్కడిది!

సరే, నాకు కావలసింది మా అమ్మమ్మగారి తరవాణి. అన్నం వార్చిన గంజి రోజూ అదే మట్టికుండలో పోసేవారు. కుండ పూర్తిగా ఖాళీ చేసేవారు కాదు, అడుగున మిగిలిన పులుపే కొత్త గంజికి తోడు. ఇప్పుడంతా కుక్కర్ వంట, గంజి ఎక్కడ వస్తుంది?

కొత్త కుండలో మొదటి పులుపు ఎలా రప్పించాలి? బియ్యం కడుగు చాలా, గంజే కావాలా? నిమ్మాకు, వాము ఎప్పుడు వేస్తారు? వానాకాలంలో గంజి బంకగా తీగ సాగితే మొత్తం పారబోయాల్సిందేనా? ఇచ్ఛాపురం, టెక్కలి, బరంపురం వైపు ఇంకా కుండ నడిపే ఇళ్లుంటే దయచేసి వివరంగా రాయండి. అలాగే మీరు అందులో పెరుగు కలుపుతారా, ఉల్లిపాయ, ఆవకాయతోనే కానిచ్చేస్తారా?