వారంటీలో ఉన్న బండికి రీమ్యాప్ చేయించొచ్చా?

బెజవాడ టర్బో:
నాది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 1.5 టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. వారంటీ ఇంకా ఉంది. కంపెనీ ఇచ్చింది 150 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం). స్టేజ్ వన్ రీమ్యాప్ చేస్తే, అంటే పార్ట్‌లేవీ మార్చకుండా ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) సాఫ్ట్‌వేర్ ఒక్కటే మారిస్తే, 180 పీఎస్, 300 ఎన్ఎం దాటుతుందని ట్యూనర్ అంటున్నాడు. "సర్వీస్‌కి ముందు ఒకసారి తీసుకురండి, పాత ఫైల్ ఎక్కించేస్తా, షోరూమ్ వాళ్లకి తెలిసే చాన్సే లేదు" అన్నాడు. మా బావేమో వారంటీ అయ్యేదాకా ఈసీయూ జోలికి వెళ్లొద్దంటున్నాడు. మీరేమంటారు?

బూస్ట్‌బార్:
చేయించెయ్ బ్రో. కల్తీ పెట్రోల్ పోసినా, మే నెల ఎండలో నడిపినా, సర్వీస్ ఆలస్యం చేసినా ఇంజిన్ పాడవకూడదని కంపెనీ బోలెడు మార్జిన్ వదిలేస్తుంది. టైమ్‌కి ఆయిల్ మార్చి, మంచి పెట్రోల్ పోసేవాడికి ఆ మార్జిన్ వాడుకునే హక్కు ఉంది. ఇక వారంటీ అంటావా, స్టాక్ బండికే, అంటే ఏమీ మార్చనిదానికే, క్లచ్ పోతే "అది అరుగుదల కిందకి వస్తుంది సార్" అని తప్పించుకుంటారు. అడిగినప్పుడు అక్కరకు రాని కాగితం కోసం నాలుగేళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలా?

సర్వీస్‌బే:
నేను ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేసినవాణ్ణి, ఏ కంపెనీదో చెప్పను. దొరుకుతామా లేదా అన్నదే అందరి టెన్షన్ కాబట్టి ముందు అది చెప్తాను. ఆయిల్ మార్పుకి వెళ్తే ఎవరూ ఈసీయూ సాఫ్ట్‌వేర్ చూడరు, మీ ట్యూనర్ చెప్పింది అంతవరకు నిజం. పెద్ద క్లెయిమ్ పడ్డప్పుడు చూస్తారు. ఈసీయూని ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో, అంటే సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు ఎక్కించారో, చాలా బండ్లలో లెక్క ఉండిపోతుంది. పాత ఫైల్ ఎక్కించడం కూడా ఒక ఫ్లాషే. అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్, ఆడీ బండ్లకి టీడీ1 అని ఒక కోడ్ ఉంది. సాఫ్ట్‌వేర్ మారిందని తేలితే ఆ ఛాసిస్ నంబర్ మీద ఆ కోడ్ పడుతుంది. ఆ తర్వాత స్టాక్‌కి తెచ్చుకున్నా ఇంజిన్, గేర్‌బాక్స్ క్లెయిమ్‌లకి అది అడ్డం పడుతుంది.

కానీ నన్నడిగితే దొరకడం కన్నా పెద్ద విషయం గేర్‌బాక్స్. మీ బండిలో ఉన్నది డీక్యూ200, ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ. దాని టార్క్ పరిమితి 250 ఎన్ఎం. మీ ఇంజిన్ ఇప్పటికే సరిగ్గా అంతే ఇస్తోంది. బూస్ట్‌బార్ చెప్పిన మార్జిన్ ఇంజిన్‌లో ఉంటే ఉండొచ్చు, ఈ గేర్‌బాక్స్‌లో ఎక్కడుంది? 2016లో మన దగ్గరికి వచ్చిన స్కోడా సూపర్బ్ 1.8 టీఎస్ఐ చూడండి. మాన్యువల్‌కి 320 ఎన్ఎం ఇచ్చి, అదే ఇంజిన్‌కి డీఎస్‌జీ పెట్టినప్పుడు 250కి కట్టేశారు. తయారు చేసినవాళ్లే దించుకున్న చోట మనం 300 ఎక్కిస్తామంటున్నాం.

సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఎలా నడుస్తుందో తెలుసు కదా. ఫస్ట్, సెకండ్, మళ్లీ ఫస్ట్. క్లచ్ పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు. డ్రై క్లచ్ కాబట్టి ఆ వేడి లాగడానికి ఆయిల్ ఉండదు. అలా కాగిన క్లచ్ మీదికి హైవే ఎక్కగానే 300 ఎన్ఎం పడితే ముందు జారుతుంది, తర్వాత సెకండ్ గేర్‌లో వణుకు మొదలవుతుంది. ఆ బిల్లు ట్యూనర్ కట్టడు.

బూస్ట్‌బార్:
గేర్‌బాక్స్ లెక్క ఒప్పుకుంటా అన్నా. కానీ దానికి దారి ఉంది. టార్క్ పెంచకుండానే పవర్ పెంచొచ్చు. స్టాక్‌లో 5000 ఆర్‌పీఎం దగ్గరికి వచ్చేసరికి టార్క్ 210 దాకా పడిపోతుంది. అదే 250ని 5000 దాకా నిలబెడితే లెక్క ప్రకారం 178 పీఎస్ వస్తుంది. క్లచ్ మీద కొత్త బరువేమీ లేదు. ఇంకో మాట. అమెరికాలో 1975 నుంచి మ్యాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ఉంది. నువ్వు చేయించిన మార్పు వల్లే ఆ పార్ట్ పోయిందని కంపెనీ చూపించాలి, ఊరికే కాదనడానికి లేదు. మన దగ్గర మాత్రం రీమ్యాప్ అన్న మాట వినపడితే చాలు, ఏసీ క్లెయిమ్ కూడా ఆపేస్తామంటారు. ఇది న్యాయమా?

సర్వీస్‌బే:
న్యాయం కాదు. ఏసీకి, స్క్రీన్‌కి, సస్పెన్షన్‌కి ఈసీయూ మ్యాప్‌తో సంబంధం లేదు. అలా ఆపితే నోటి మాటతో వెనక్కి రావద్దు. కారణం జాబ్ కార్డ్ మీద రాసి సంతకం పెట్టమనండి. చాలాసార్లు అక్కడే దిగొస్తారు. రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, కట్టిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. కానీ గేర్‌బాక్స్ కేసుతో అక్కడికి వెళ్తే మీ చేతిలో ఏముంటుంది? మార్పు వల్లే పోయిందని చూపించడానికి వాళ్లకి 250 అన్న ఒక్క అంకె సరిపోతుంది.

మీ 178 పీఎస్ లెక్క సరైనదే, టెక్నికల్‌గా నాకు పెద్ద అభ్యంతరం లేదు. పై ఆర్‌పీఎంలో టర్బో వేడెక్కుతుంది, పెట్రోల్ కూడా 95 ఆక్టేన్‌కి తగ్గకూడదు, అంతే. కానీ వారంటీ దగ్గర తేడా లేదు. చిన్న మ్యాప్ అయినా పెద్ద మ్యాప్ అయినా సాఫ్ట్‌వేర్ మారినట్టే. పైగా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే యాక్సిడెంట్ క్లెయిమ్‌లో అదొక పేచీ. వాహనాల మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు కూడా కఠినంగానే ఉన్నాయి.

నాకు అస్సలు మింగుడుపడనిది ఆ "పాత ఫైల్ ఎక్కించేస్తా" అన్న మాట. రీమ్యాప్ మీ ఇష్టం, మీ డబ్బు, మీ బండి. కానీ 300 ఎన్ఎంతో క్లచ్ అరగదీసి, స్టాక్ అని చెప్పి ఫ్రీగా మార్పించుకోవడం మోసం. షోరూమ్‌లు వంకలు పెడతాయి కాబట్టి మనమూ అబద్ధం ఆడొచ్చు అంటే నేనొప్పుకోను. అదే ఫైల్ ఎక్కించి సెకండ్ హ్యాండ్‌లో అమ్మేస్తే? అప్పు చేసి కొనుక్కున్న ఆ కుటుంబానికి ఆరు నెలలకే గేర్‌బాక్స్ పోతుంది. అలా కొని షోరూమ్‌కి వచ్చినవాళ్లను నేను చూశాను. వాళ్లకి ఏం చెప్పాలో తెలిసేది కాదు.

బూస్ట్‌బార్:
అమ్మేటప్పుడు దాచకూడదు, అందులో రెండో మాట లేదు. వారంటీ విషయంలో మాత్రం నా మాట మారదు. గేర్‌బాక్స్ ఖర్చు సొంతంగా పెట్టుకోగలిగినవాడు ఇవాళే చేయించుకోవచ్చు, కాకపోతే క్లెయిమ్‌కి వెళ్లకూడదు.

బెజవాడ టర్బో:
నేను అంత ఖర్చు పెట్టుకోలేను బ్రో, కాబట్టి వారంటీ అయ్యేదాకా ఆగుతున్నా. టార్క్ 250 దాటకుండా మ్యాప్ రాస్తావా, ముందూ తర్వాతా డైనో షీట్ (పవర్, టార్క్ కొలిచిన రిపోర్ట్) ఇస్తావా అని ట్యూనర్‌ని అడిగాను. "అలా చేస్తే సీట్లో కిక్కు తెలీదు సార్, ఎవరూ అడగరు" అన్నాడు. అడిగినట్టు రాసిచ్చే ట్యూనర్ హైదరాబాద్‌లో గానీ బెంగళూరులో గానీ ఎవరైనా తెలిస్తే చెప్పండి.