కైలాసగిరి "బండె"నా, "నంటె"నా?

అడిగినది: మొన్న ఆఫీసులో "సార్ ఏరీ?" అంటే సిద్దిపేట అమ్మాయి "సార్ పోయిండు" అంది. మాది భీమవరం. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆవిడ చెప్పింది సార్ ఇంటికెళ్లారనే. మా ఇంట్లో గడప దాటేటప్పుడు "పోతా" అంటే అమ్మ ఊరుకునేది కాదు, "వెళ్లొస్తా" అనాల్సిందే. ఆ రాత్రంతా, తనను ఆదరించి పోయినవాళ్లని తలుచుకుంటూ శ్రీనాథుడు చివరి రోజుల్లో చెప్పిన చాటువే (విడి పద్యమే) బుర్రలో తిరిగింది. ఒక్కొక్కరి చావుకీ ఒక్కో మాట కదా! "కాశికా విశ్వేశు గలిసె వీరారెడ్డి" వరకూ వచ్చింది. తర్వాత "కైలాసగిరి" దగ్గర ఆగిపోయాను. "బండె మైలారు విభుడేగి"యా, "నంటె"యా? మా మాస్టారు "నంటె" అని చదివినట్టు గుర్తు.

కొండవీడు: "బండె"నే. గిరిన్ మీద ద్రుతం (చివరి న్) వల్ల పండె కాస్తా బండె అయింది. పండడమంటే శయనించడం.

గోదారిగట్టు: అంత తేలిక కాదండీ. గిరిబండె, గిరినంటె రెండూ సలమే (రెండు లఘువులు, గురువు, లఘువు ఉన్న గణం). కైలా, మైలా ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) ఆ అక్షరం జోలికే రాదు. ఛందస్సు తీర్పు చెప్పదు. నా మొగ్గు "నంటె"కే. పైన కలిసె, కింద కూడె, మధ్యలో అంటె. మూడూ చేరువయ్యే మాటలే.

కొండవీడు: మరి "ఏగి" ఏమయినట్టు? వెళ్లి అంటడమేమిటి, వెళ్లి పండాడు. ప్రయాణం ముగిసిన మనిషికి ఆ మాటే సరి.

మానేరు: మా కరీంనగర్ దిక్కు ఇప్పటికీ "పండుకున్నడు" అంటే నిద్రపోయాడనే. మీరు నిఘంటువులో వెతికే మాట మా ఇంట్లో రోజూ వినబడుతుంది. పోవుడు కూడా అంతే. బడికి పోతం, పెండ్లికి పోతం. చావు కబురైతే చెప్పే గొంతులోనే తెలుస్తది.

రాతిపలక: అందరూ "బండె" దగ్గరే ఉన్నారు. నన్ను వేధించేది "రంభ గూడె తెలుంగు రాయరాహుత్తుండు". శ్రీనాథుడు కదా అని దాన్ని సరసం లెక్కలో వేస్తారు. రాహుత్తు అంటే గుర్రపు యోధుడు. వీరగల్లుల (యుద్ధంలో పోయిన వీరుల స్మారక శిలల) మీద చూడండి, పడిపోయిన వీరుణ్ని అప్సరసలు పైకి తీసుకుపోతుంటారు. తెలుంగరాయడు యుద్ధంలోనే పడ్డాడని నా ఊహ.

గోదారిగట్టు: ఊహ బాగుంది. కానీ కస్తూరిని మరవకండి. మరో చాటువులో "సాంపరాయని తెలుంగాధీశ" అంటూ శ్రీనాథుడు కస్తూరి అడిగింది ఆయన్నే. పరిమళం ఇచ్చినవాడికి రంభ దక్కింది. నాకు గుండె పట్టేసేది విస్సన్న మంత్రి దగ్గర. వట్టి "స్వర్గస్థుడయ్యె", అంతే. పక్కన కూర్చోబెట్టుకుని బంగారు పళ్లెంలో అన్నం పెట్టినవాడు పోతే అలంకారం రాలేదు ఆ మహాకవికి.

రాతిపలక: తన వంతు వచ్చేసరికి "అరుగుచున్నాడు శ్రీనాథుడమరపురికి". అందరూ వెళ్లిపోయారు, తానొక్కడే ఇంకా దారిలో ఉన్నాడు. దివిజకవివరుడి (స్వర్గంలోని కవిశ్రేష్ఠుడి) గుండె దిగ్గురనడం ఇక్కడికి వినిపిస్తుంది.

మానేరు: కొండవీడు గారూ, "బండె" అయితే గిరి పక్కన అరసున్న (ఁ) ఉండాలి. మీ ప్రతిలో ఉందా?

కొండవీడు: ఉంది. రాత్రికి ఫొటో పెడతాను.

గోదారిగట్టు: పెట్టండి. కానీ చాటువు నోటిమాటగా వచ్చింది. ఆ అరసున్న శ్రీనాథుడిదా, అచ్చు వేయించినవారిదా?