తాతగారి పెట్టెలో 1921 వెండి డాలర్: అమ్మాలా, ఉంచాలా?

వన్‌టౌన్_వాసి:
మా తాతగారు పోర్టులో పనిచేసేవారు. ఈమధ్య పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన ట్రంకు పెట్టెలో ఐదో జార్జి రూపాయి బిళ్లలు, వాటితో పాటు ఒక పెద్ద అమెరికా వెండి డాలర్ దొరికాయి. డాలర్‌కి ఒకవైపు ఆడమనిషి తల, ఇంకోవైపు రెక్కలు చాపిన గద్ద, కింద 1921 అని ఉంది. విశాఖ కురుపాం మార్కెట్‌లో ఒకాయన వెండి రేటు కట్టి తీసుకుంటానన్నాడు, మా బావమరిదేమో వీడియోలు చూసి లక్షలొస్తాయని ఊదరగొడుతున్నాడు. బాగా నల్లబడింది, చింతపండుతో తోమి అమ్మనా?

బిళ్లలపిచ్చి:
చింతపండు జోలికి మాత్రం వెళ్లకండి, తోమిన నాణెం అంటే సేకరించేవాళ్లు మొహం తిప్పేసుకుంటారు.

మీదగ్గరున్నది మోర్గాన్ డాలర్. 1878 నుంచి 1904 దాకా కొట్టారు, మళ్లీ 1921లో. అదే ఏడు చివర్లో పీస్ డాలర్ కూడా వచ్చింది గానీ దానిమీద గద్ద రెక్కలు ముడుచుకుని ఉంటుంది, ఆ ఏడాదివి పది లక్షల పైచిలుకే కాబట్టి కాస్త గిరాకీ ఎక్కువ. 1921 మోర్గాన్లయితే ఎనిమిది కోట్లకు పైనే, కాబట్టి మీ బావమరిదిని కాస్త ఊపిరి పీల్చుకోమనండి.

నకిలీలు విపరీతం. అసలుదైతే బరువు 26.73 గ్రాములు, అడ్డం 38.1 మిల్లీమీటర్లు, వెండి 90 శాతం, అయస్కాంతానికి అంటుకోదు. గద్ద కింద దండ ఉంటుంది కదా, దాని కింద ఏ టంకశాలలో కొట్టారో చెప్పే అక్షరం, డి (డెన్వర్) గానీ ఎస్ (శాన్‌ఫ్రాన్సిస్కో) గానీ ఉండొచ్చు, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియాది. సీసీ అని ఉంటే మాత్రం దొంగ సరుకే, ఎందుకంటే కార్సన్ సిటీలో నాణేలు కొట్టడం 1893లోనే ఆపేశారు.

పాతపోస్టాఫీస్_సందు:
రేటు సంగతి అలా ఉంచండి, ఆ పెట్టెలో డాలరూ రూపాయిలూ పక్కపక్కన ఉండటమే నాకు తెగ నచ్చింది. మొదటి యుద్ధం టైమ్‌లో మన జనం నోట్లు నమ్మక వెండి రూపాయిలే ఇమ్మని పట్టుబట్టారు, ఖజానాలో వెండి అడుగంటింది, 1917లో రూపాయి నోటు, ఆ తర్వాత రెండున్నర రూపాయల నోటు దింపింది ఆ కటకటలోనే. అప్పుడు బ్రిటన్ వెళ్లి అమెరికాని అడిగితే వాళ్లు 1918లో పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్ల డాలర్లు కరిగించారు, అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి ఇండియా కోసమే అమ్మారు. కరిగించినన్ని మళ్లీ కొట్టాలని అదే చట్టంలో ఉంది, మీ 1921 డాలర్ పుట్టింది అందుకే! ఒక డాలర్‌లో ఉన్న వెండి మన రూపాయిలు రెండుంబావుకి సరిపోతుంది. మీ రూపాయిల మీద 1918, 1919 ఉన్నాయేమో చూడండి, ఉంటే వాటిలో కరిగిన డాలర్ ముక్క ఉన్నా ఆశ్చర్యం లేదు.

బిళ్లలపిచ్చి:
ఇంకో మాట, వందేళ్లు దాటిన నాణెం మన చట్టం ప్రకారం పురావస్తువు. ఎవరైనా విదేశాల నుంచి కొంటామంటే పార్సిల్ చేసేయకండి, ఇబ్బందుల్లో పడతారు. గ్రేడింగ్‌కి, అంటే నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చి చెప్పే కంపెనీలకి పంపిద్దామని కూడా అనుకోవద్దు, ఇలాంటి మామూలు బిళ్లకి ఆ ఖర్చు దండగ.

వన్‌టౌన్_వాసి:
రూపాయిల్లో రెండు 1919వి ఉన్నాయండీ! డాలర్ బరువు 26.6 వచ్చింది, అరిగింది కాబట్టి సరేననుకుంటా. గద్ద కింద ఎస్ ఉంది. అమ్మను గానీ, వీటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టొచ్చా?

బిళ్లలపిచ్చి:
మామూలు మెత్తటి పీవీసీ కవర్ వద్దు, మన సముద్రపు గాలికి పచ్చగా జిగురు పడుతుంది. నాణేలకని అమ్మే గట్టి డబ్బీలు దొరుకుతాయి, అవి తీసుకోండి.